నాలుగు వన్స్‌మోర్లు, ఒక మీసం

ఆ రోజుల్లో ప్రేమకు ఒక పద్ధతి ఉండేది. ప్రేమించినవాడు హార్మోనియం శ్రుతి అందుకుని, నాలుగు పాదాల పద్యం పాడి, చివరి అక్షరం మీద ఊపిరి ఉన్నంతసేపు రాగం తీయాలి. ఊపిరి ఎంతసేపు ఆగితే ప్రేమ అంత గొప్పదని లెక్క. ఇప్పటి పిల్లలు సెల్‌ఫోనులో ఒక ఎర్ర గుండె బొమ్మ పంపించి చేతులు దులుపుకుంటున్నారు. వాళ్ల ప్రేమల మీద నాకు అనుమానం లేదు గానీ, వాళ్ల ఊపిరితిత్తుల సంగతి తలచుకుంటేనే దిగులు. నేను మాత్రం నా యౌవనంలో ఒకే ఒక్కసారి, వందలమంది ఎదుట, మైకు ముందు నిలబడి ప్రేమించాను. నాలుగు వన్స్‌మోర్లు కూడా కొట్టించుకున్నాను. ఈ సంగతి నేను ఇంతవరకు కనీసం మూడు వందలసార్లు చెప్పుకుని ఉంటాను. అయితే చెప్పిన ప్రతిసారీ కథను సగంలోనే ఆపేసేవాణ్ని. మిగతా సగం ఇవాళ చెప్పేస్తున్నాను.

మాది పెనుకొండ. తొంభైల నడుమ డిగ్రీ పూర్తిచేసి, ఇంట్లో కూర్చుని అమ్మచేత తిట్లు తింటున్న నన్ను ధర్మవరంలో ఉన్న మా మేనమామ పిలిపించుకుని, ఒక పట్టుచీరల అంగడిలో గుమాస్తాగా కుదిర్చాడు. మామ సొంత ఊరు హిందూపురం. కడుపు నింపే పని ఏదో ప్రభుత్వ కార్యాలయంలో చేసేవాడు గానీ, ఆయన అసలు ఉద్యోగం హార్మోనియం. పదిమందిని కూడగట్టి ఒక నాటక సమాజం నడిపేవాడు. ఆ సమాజానికి ఉన్న ఆస్తి ఒక రేకుల షెడ్డు, అంతఃపురం బొమ్మ వేసిన ఒక తెర. షెడ్డు వానకు కారేది. తెరను ఎలుకలు కొట్టేశాయి. రాణిగారు అంతఃపురం తలుపులోంచి రావలసింది, గోడలోని చిల్లులోంచి వస్తున్నట్టుండేది. షెడ్డు బాగుచేసి, కొత్త తెరలు కొని, ఊళ్లో పిల్లలకు పద్యం నేర్పాలని మామ కోరిక. దానికోసం నిధి కూడబెట్టాలని ఒక ప్రదర్శన తలపెట్టాడు. యుద్ధాలు, శపథాలు, గదలు ఏవీ లేకుండా మొదటినుంచి చివరిదాకా ప్రేమ ఘట్టాలే, అన్నీ పద్యాలూ పాటలే. పేరు ‘శృంగార పద్య సంగీత సాయంత్రం’. పద్యాలన్నీ మామ సొంతంగా కట్టినవే.

“యుద్ధం సీను పెడితే ముసిలోళ్లే వస్తారబ్బా” అని సమాజం మీటింగులో ఆయన తన సిద్ధాంతం వివరించాడు. “ప్రేమ సీను పెడితే ఆడోళ్లు వస్తారు. ఆడోళ్ల ఎనక మొగోళ్లు వస్తారు. మొగోళ్ల జేబీల్లో దుడ్లు వస్తాయి.”

ఆషాఢమాసం కాబట్టి పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉన్న కల్యాణ మంటపం ఉచితంగా దొరికింది. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ప్రదర్శన. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, నంబులపూలకుంట నుంచి రావలసిన హీరోకు మూడు రోజుల ముందు గొంతు పోయింది. మామ సమాజంలో ఉన్నవాళ్లందరినీ వరసగా చూశాడు. ఒకరికి పళ్లు లేవు, ఒకరికి పొట్ట, ఒకరికి ఆ పొట్టతో పాటు దగ్గు. చివరికి ఆయన చూపు నామీద ఆగింది. నేను ఇంట్లో స్నానం చేస్తూ ఆయన పద్యాలు పాడేవాణ్ని. (తలుపు కొట్టి ‘ఇంక చాలప్పా’ అనేది మా అత్త. దాన్ని కూడా నేను మెచ్చుకోలుగానే తీసుకునేవాణ్ని.) “నువ్వే రాజకుమారుడివి” అన్నాడు మామ. ఆ క్షణం నుంచి నా కాళ్లు నేలమీద ఆనలేదు.

రాకుమారి వేషానికి హిందూపురం నుంచి ఒక నటిని మాట్లాడారు. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. కానీ మొహానికి రంగు వేసుకుని గొంతెత్తితే పదహారేళ్ల పిల్లే. శనివారం రిహార్సలుకు ఆమె తెచ్చుకున్న చీర చూసి మామ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. చమ్కీలు కుట్టిన నైలాను చీర అది. వేరే ఊళ్లో అయితే లైట్ల కింద ధగధగా మెరిసిపోయేది. ధర్మవరంలో మాత్రం కుదరదు.

“అక్కయ్యా, ముందు మూడు వరసలూ మగ్గమోళ్లే కూచుంటారు” అన్నాడు మామ బతిమాలుతూ. “వాళ్లు మొగం సూడరు, చీర సూస్తారు. పోయిన తూరి రాణి నైలాను కట్టుకోనొచ్చిందని నవ్వతానే ఉండిరి. ఆమె ఆడ మొగుడు సచ్చిపోయినాడని ఏడుస్తాంది, వీళ్లు ఈడ నవ్వతాండారు.”

తర్వాత నావైపు తిరిగి, “అబ్బీ, మీ అంగట్లో అన్ని చీరలుండాయి గదా. ఒగ పూట ఒగ చీర ఇయ్యడా మీ సావుకారి?” అన్నాడు.

మా సావుకారి చెడ్డవాడు కాదు. కాకపోతే గాలిని కూడా తూచి అమ్మగలిగిన మనిషి. నేను నసుగుతూ అడిగితే, కళ్లజోడు పైనుంచి చూసి, “కట్టి ఇప్పిన చీర మల్ల కొత్త చీర ఎట్లయితాదప్పా? తిన్న ఇస్తరాకు కడిగి మల్ల వడ్డిస్తారా?” అన్నాడు. ఆ మాటతో అయిపోవలసింది. కానీ అదే సాయంత్రం, సావుకారి టీ తాగడానికి బయటికి వెళ్లిన సమయంలో, సైలెంటు తాత అంగడికి వచ్చాడు.

సైలెంటు తాత మా అంగడికి నేసే నేతగాడు. అరవై దాటిన మనిషి. నోరు విప్పగా ఎవరూ విన్నది లేదు కాబట్టి అంగట్లో కుర్రకారు ఆ పేరు పెట్టారు. చీర తెచ్చి గల్లా దగ్గర పెట్టేవాడు. సావుకారి దాన్ని బల్బు కిందికి పట్టి, మడతలో తేడా ఉన్నా చిన్న మరక కనిపించినా కూలిలో కోత పెట్టేవాడు. తాత ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయేవాడు. ఆ రోజు తెచ్చింది ఆర్డరు చీర. సోమవారం ఉదయం బెంగళూరు నుంచి పెళ్లివాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. శ్రావణంలో ముహూర్తం. చీరంతా పసుపుపచ్చ, అంచూ కొంగూ మెరూన్. కొంగు మీద లేపాక్షి గుడి గోడల మీద ఉండే లతలు జరీతో అల్లుకుని ఉన్నాయి. ఇరవై రోజుల పని. నేను పుస్తకంలో రాసుకుని డబ్బాలో పెట్టాను. సావుకారి తిరిగొచ్చి, “సోమవారం వాళ్ల ఎదుటనే ఇప్పుదాం, అంతవరకు ముట్టుకోవద్దు” అన్నాడు. ముట్టుకోవద్దన్న మాట నాకు వినిపించింది. వినిపించిందనే చెబుతున్నాను, అబద్ధం ఎందుకు? కానీ నా తలలో అప్పటికే రాజకుమారుడు కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆ డబ్బా నా చంకలో మంటపానికి చేరింది. మామతో సావుకారి ఒప్పుకున్నాడని చెప్పాను. (బెంగళూరు పెళ్లికూతురమ్మా, మీరు ఇది చదువుతుంటే క్షమించాలి. మీ పెళ్లిచీర మీకంటే ముందు ఒక రాకుమారి కట్టింది. ఎంతైనా రాకుమారి కదా అని సరిపెట్టుకోండి.)

ఐదు గంటలకల్లా మంటపం నిండిపోయింది. తెర చిల్లులోంచి కన్నుపెట్టి చూశాను. నాటకాలు చూసే ఓపిక తనకు లేదని ఎప్పుడూ చెప్పే మా సావుకారి మొదటి వరసలో, నట్టనడుమ, మెడలో దండతో కూర్చుని ఉన్నాడు. నిధికి చందా ఇస్తాడన్న ఆశతో మామ ఆయన్ను ముఖ్య అతిథిగా పిలిచాడట, నాకు చెప్పనే లేదు. సావుకారి ఆ చీరను మడతలోనే చూశాడు, విప్పి చూడలేదు కదా, గుర్తుపట్టడులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మొహానికి రంగు, తలకు కిరీటం, పైపెదవి మీద గమ్ముతో అతికించిన మీసం. (నాకు సొంత మీసం లేకపోలేదు. ఉందని నేను చెబితే తప్ప ఎవరికీ తెలిసేది కాదు, అంతే.)

మా ఘట్టం ఉద్యానవనం. రాకుమారి అలిగి ఉంటుంది, రాజకుమారుడు పద్యం పాడి బతిమాలుతాడు. పద్యం చివర రాగం అయ్యేసరికి ఆమె ఇంకా కోపంతో గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు కొంగు ఎగిరి, వీపు నిండా పరుచుకుని, సభకు పూర్తిగా కనిపిస్తుంది. నేను మొదటి పద్యం ఎత్తుకున్నాను. చెప్పుకోకూడదు గానీ బాగా పాడాను. రాగం తీసి తీసి కళ్లు బైర్లు కమ్ముతుండగా ఆపాను. అక్క గిరుక్కున తిరిగింది. ఆ వెంటనే ముందు వరసల్లోంచి “వన్స్‌మోర్! వన్స్‌మోర్!” అని ఒకటే అరుపులు. హార్మోనియం దగ్గర మామ కళ్లలో నీళ్లు. నేను కిరీటం సర్దుకుని, అక్క ముందుకు వచ్చి సభకు నమస్కారం పెట్టాను. మళ్లీ పాడాను. మళ్లీ అక్క తిరిగింది. మళ్లీ వన్స్‌మోర్. మూడోసారి పాడినా అదే వరస, మూడో వన్స్‌మోర్. ఈసారి మామ ఒక చేత్తో మెట్లు వాయిస్తూనే మైకులో, “మన సావుకారి గారు కళల నిధికి చందా రాయించి, ఈ పద్యం మల్లొక్కసారి కోరతాండారు!” అని ప్రకటించాడు. గాలిని తూచే సావుకారి చేత చందా రాయించిన గొంతు నాది అనుకున్నాను. ఆ గర్వంలో కళ్లు సభంతా తిప్పాను. మూడో వరసలో గోడవారగా సైలెంటు తాత కనిపించాడు.

రెప్ప వేయకుండా చీరనే చూస్తున్నాడు. గుర్తుపట్టాడు. నేసినవాడు గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? నా ఉద్యోగం పోతుందన్న భయం ముందు పుట్టింది. దాని వెనకే అసలు భయం వచ్చింది. ఆ చీరకు చిన్న మరక అయితే సోమవారం సావుకారి కోత పెట్టేది నా జీతంలో కాదు, ఆ ముసలాయన ఇరవై రోజుల కూలిలో. డబ్బాలోంచి తీసినవాణ్ని నేనే అని ఎవరికి తెలుస్తుంది? ఆయన చెప్పుకోడు కూడా, మాటే రాదు కదా ఆ మనిషికి. నా చేతులు చూసుకున్నాను. చెమటతో కరిగిన ఎర్ర రంగు వేళ్లనిండా ఉంది.

అంతే, నాలుగోసారి ప్రేమ మారిపోయింది. పద్యంలో ‘నీ చెంత చేరి’ అని నేను పాడుతుండగా నా కాళ్లు వెనక్కి పోతున్నాయి. ఆమె ఒక అడుగు ముందుకు వేస్తే నేను రెండడుగులు వెనక్కి. రాజకుమారుడు చేతులు రెండూ వెనక దాచుకుని, దూరం నుంచి ప్రేమిస్తున్నాడు. అక్క పళ్లు బిగించి, “దగ్గిరికి రాప్పా, నాకేమన్నా గజ్జి ఉండాదా?” అంది. హార్మోనియం వెనకనుంచి మామ గుడ్లురుముతున్నాడు. నేను కదలలేదు. అక్కకు కోపం వచ్చి, వేషంలో లేని పని చేసింది. నా మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. నేను రాగం మీదనే వెళ్లి ఆమె పక్కన పడ్డాను. సరిగ్గా అప్పుడే రాగం అయిపోయింది, అలవాటు ప్రకారం ఆమె గిరుక్కున తిరిగింది, కొంగు ఎగిరి నా మొహం మీదుగా పోయింది. పోతూ పోతూ నా మీసాన్ని తీసుకుపోయింది.

మొదట నాకు తెలియలేదు. పైపెదవికి గాలి తగిలాక తెలిసింది. వెనక వరసల్లో పిల్లలూ ఆడవాళ్లూ నన్ను చూసి విరగబడి నవ్వుతున్నారు. ముందు వరసలు మాత్రం నవ్వడం లేదు. అక్కడ చాలా గంభీరంగా చర్చ సాగుతోంది. లేపాక్షి లతల నట్టనడుమ, బంగారు జరీ మీద, నా నల్లటి మీసం రెండు కొనలూ పైకి తిప్పుకుని అతుక్కుని ఉంది.

“ఆ నల్ల బుటా ఏందబ్బా?” అంటున్నారెవరో.

“ఇంతకుముందు కనబళ్లేదే?”

“కొత్త డిజైనప్పా. మెరూనుకు నలుపు బలే ఎత్తిచ్చింది సూడు” అంటున్నది సాక్షాత్తు మా సావుకారి.

అక్కకు ఏమీ తెలియదు, సభకు వీపు పెట్టి అలిగి నిలబడి ఉంది. పీకితే గమ్ముతో పాటు జరీ పోగులు లేచి వస్తాయి. వదిలేస్తే గమ్ము ఆరి గట్టిపడుతుంది. నేను పైపెదవిని చేత్తో మూసుకుని నిలబడ్డాను. ఆ భంగిమలో రాజకుమారుడు పంటినొప్పితో బాధపడుతున్నట్టు ఉందని మా అత్త తర్వాత చెప్పింది. అప్పుడు మూడో వరసలోంచి సైలెంటు తాత లేచాడు. మా దగ్గర పద్యం నచ్చినవాళ్లు నడి నాటకంలోనైనా స్టేజీ ఎక్కి, నోటు చేతిలో పెట్టి పోవడం అలవాటు, ఎవరూ తప్పుపట్టరు. తాత చేతిలో పదిరూపాయల నోటు ఉంది. అయిపోయాను అనుకున్నాను. మైకులో చెప్పేస్తాడు, ముఖ్య అతిథి వింటాడు.

తాత నా దగ్గరికి రాలేదు. నేరుగా అక్క వెనక్కి వెళ్లి వంగాడు. నోటును పళ్ల మధ్య పట్టుకుని, ఎడమ అరచెయ్యి కొంగు కిందికి పోనిచ్చి, కుడిచేతి గోళ్లతో మీసాన్ని ఒక్కొక్క వెంట్రుకే లేపుతూ తీశాడు. మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు ఎంత నెమ్మదిగా చేస్తారో అంత నెమ్మదిగా. ఒక్క జరీ పోగు కదలలేదు. మీసాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. నోటు హార్మోనియం మీద పెట్టాడు. మామ సంబరంగా మైకు ఆయన ముందుకు జరిపి, “పేరు సెప్పు పెద్దాయనా, ప్రకటిస్తాను” అన్నాడు. తాత మైకును చూశాడు, చీరను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

“వన్స్‌మోర్” అన్నాడు.

ఐదోసారి మీసం లేకుండానే పాడాను. అసలైన పద్యం నేను పాడింది అదొక్కసారే. భయం పోయి గొంతు తేలికైంది, కంట్లో ఎందుకో నీళ్లున్నాయి. బతిమాలవలసింది రాకుమారిని, కానీ నా మొహం మూడో వరస వైపే ఉంది. అక్క ఈసారి నెమ్మదిగా, నాలుగడుగులు నడిచి మరీ తిరిగింది.

ప్రదర్శన అయ్యాక మేకప్ గదిలోకి సావుకారి వచ్చాడు. మెచ్చుకుంటాడని లేచి నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని అక్క దగ్గరికి వెళ్లి, “అమ్మా, ఈ చీర యాడ కొన్న్యావు?” అన్నాడు. అక్క నా మొహం చూసింది. హిందూపురం మనిషి, ఇట్టే పసిగట్టింది. “నా పెండ్లి చీరన్నా” అంది. సావుకారి నిట్టూర్చి, “ఏం పనితనమమ్మా! ఆ కొంగు సూద్దామనే మేమంతా వన్స్‌మోర్ కొడతాండిమి. కనబడనిస్తేగా? ప్రతి తూరీ ఈయప్ప అడ్డం వస్తాండె” అని నన్ను చూపించాడు. నేను కూలబడ్డాను. తలుపు దగ్గర నిలబడి ఉన్న తాతతో ఆయన, “ఏం తాతా, నేస్తే ఇట్లాంటిది నెయ్యల్ల. నేస్తావా నువ్వు?” అన్నాడు. తాత తల ఊపాడు, చూద్దాంలే అన్నట్టు.

సావుకారి వెళ్లాక చీర మడతపెట్టింది తాతే. కొత్త మడత ఎలా ఉండాలో ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసు. నేను కాళ్ల మీద పడబోతే వద్దన్నాడు. డబ్బా మూతపెట్టి, చాలా మెల్లగా అన్నాడు: “నలబై ఏండ్లాయె నేస్తాండా. మడతపెట్టి ఇచ్చేదే తెలుసు. నేను నేసింది కట్టుకోని నడిస్తే ఎట్లుంటాదో ఈపొద్దే సూసినా.”

సోమవారం బెంగళూరువాళ్ల ఎదుట డబ్బా తెరిచాం. కొంగు పరిచేసరికి సావుకారి చెయ్యి గాలిలో ఆగింది. చీరను చూశాడు, తర్వాత నా పైపెదవిని చూశాడు. “ఇది రాకుమారులు కట్టే చీరమ్మా” అని పెళ్లివాళ్లకు ఇచ్చి పంపాడు. తాతకు కూలి కోత లేకుండా ఇచ్చాడు. సాయంత్రం గల్లా మూస్తూ నావైపు చూడకుండానే, “ఇంగోసారి మీసం సరిగ్గా అతికిచ్చుకో” అన్నాడు. నన్ను ఎందుకు ఉంచుకున్నాడో ఆయన చెప్పలేదు. ఆ నెలలో నలుగురు వచ్చి ‘నల్ల బుటా చీర’ కావాలని అడగడం కారణం అయి ఉండవచ్చు.

షెడ్డు బాగుపడింది, తెరలు వచ్చాయి, కొన్నేళ్లపాటు పిల్లలు పద్యం నేర్చుకున్నారు. తర్వాత ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, మరమగ్గాలు వచ్చాయి. రెండు వేల సంవత్సరం దాటాక నా పెళ్లికి సైలెంటు తాత ఒక చీర నేసి తెచ్చాడు. ఆయన చివరగా నేసిన వాటిలో అదొకటి. అవే లతలు. కొంగు మూలన, వెతికితే తప్ప కనిపించని చోట, రెండు కొనలూ పైకి తిరిగిన నల్లటి బుటా ఒకటి. మంటపంలో మా ఆవిడ నడిచి వస్తుంటే ఆయన వెనక వరసలో లేచి నిలబడి చూశాడు.

ఇప్పుడు నాకు పెనుకొండలో చిన్న చీరల అంగడి ఉంది. సొంత మీసం దట్టంగా ఉంది, కాకపోతే తెల్లబడింది. నాలుగింటిలో మూడు వన్స్‌మోర్లు చీరవని ఒప్పుకుంటాను గానీ, తాత కోరిన నాలుగోది మాత్రం నాదేనని ఇంట్లో ఇప్పటికీ వాదిస్తాను. తాత కళ్లు ఎటు చూస్తున్నాయో నాకు తెలియక కాదు. ఏడాదికొకసారి మా ఆవిడ ఆ చీరను గాలికి ఆరేయడానికి బయటికి తీస్తుంది. తీసినప్పుడు నన్ను ఏడిపించడానికని భుజం మీద వేసుకుని, రాకుమారిలా గిరుక్కున తిరుగుతుంది. నేను కుర్చీ పక్కకు జరుపుకుని, ఎక్కడా అడ్డం రాకుండా కూర్చుని, వన్స్‌మోర్ అంటాను.